రెండు అక్షరాలు తక్కువ

మా నాయిన దేవదానం
బొల్లారం గోరీల తోటకు కావలి.
నెలకు నూటిరవై రూపాయలు, ఏడాదికో ఖాకీ అంగీ,
రాలిన ఎండుకొమ్మలన్నీ మా పొయ్యికే.

ఎక్కాలు బడిల నేర్చుకున్న గానీ
ఇంగిలీషు నాకు రాళ్లే చెప్పినయి.
నాయిన కొబ్బరిపీచుతోని నాచు రుద్దుతుంటే
ఒక్కొక్క అక్షరం తానం చేసి లేచి కూసునేది.
చెక్కిన గుంతల్ల సీసం పోసిన అక్షరాలు,
వేలు పెట్టి దిద్దితే చల్లగ తగిలేటివి.
'ఎ' అంటే ఆపిల్ అనేది మా టీచరమ్మ.
నాకు 'ఎ' అంటే ఆలిస్,
రెండేండ్ల పిల్ల, గత్తరల పోయింది.

ప్రతి రాయి మీద ఒక మనిషి, మనిషి కింద ఒక ఊరు.
టాంటన్. విట్బీ. లడ్లో.
అవన్నీ మా లైను మీదనే ఉంటయనుకున్న.
ఒక దిక్కు అల్వాల్, అమ్ముగూడ, సఫిల్‌గూడ,
ఇంకో దిక్కు గౌడవల్లి, మేడ్చల్,
ఇంకా పోంగ పోంగ టాంటన్ కాడ ఇంజను నీళ్లు పట్టుకుంటదని,
లడ్లోల సీతాఫలాలు అగ్వకు దొరుకుతయని
వాజిద్‌కు చెప్పిన.
వాడు నమ్మిండు.
తెల్లారి వచ్చి, వాళ్ల మేనత్తను లడ్లోకే ఇచ్చినరని
నాకే చెప్పిండు.

సీసానికి మంచి ధర ఉన్నదని
పాతసామాన్ల సత్తార్ అన్న ఎండకాలం,
మేకు పట్టుకొని పోయినం.
వాజిద్ పిడికెడు పీకిండు. నేను రెండే పీకిన,
సార్జెంట్ పెరిన్ ఊరి పేరుల నుంచి రెండు ఎల్‌లు.
ఒకటి తక్కెట్ల పడ్డది,
వాని పిడికెడుతో కలిసి రెండు ఐస్‌ఫ్రూట్లయింది.
రెండోది ఎందుకో లాగు జేబులనే ఉంచుకున్న.

వానలు పడ్డంక టాక్సీల దిగింది
ఒక ముసలి దొరసాని.
కాళ్లకు మగోళ్ల బూట్లు, చేతుల మడతలు నలిగిన కాగితం.
ఆయన తమ తాతకు తాత అంట,
ఏ ఊరోడో ఇంట్ల ఎవరికీ తెల్వదంట.
టాక్సీ డ్రైవరే మధ్యల ఉండి చెప్తున్నడు.
నాయిన గొడుగు పట్టిండు.
ఆమె వంగి, మా లెక్కనే, వేలు పెట్టి దిద్దింది:
యు. డి. ఓ. డబ్ల్యు.
మళ్ల మొదటికాంచి దిద్దింది.
గొడుగు మీద చినుకుల చప్పుడు.

"లడ్లో" అన్న నేను.

ఆమె మోకాళ్ల మీద కూలబడ్డది బురదల.
నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో అన్నది.
మీ పోరడు బంగారమంటున్నదని డ్రైవర్ అంటే
నాయిన గొడుగు ఇంకొంచెం ఎత్తుకు పట్టిండు.
జేబుల ఎల్ తొడకు గుచ్చుకుంటున్నది.

పోయేముందు అడిగింది,
మరి మీ నాయిన ఎక్కడ ఉన్నడని.
"ఆడ" అని రైలుకట్ట దిక్కు చెయ్యి చూపిండు నాయిన,
తంగేడు మండ పక్క కొంచెం ఉబ్బిన మన్ను.
ఏ ఊరోడు?
"కరువుల నడిచొచ్చిండమ్మా. మంజీర దాటి వచ్చిన అంటుండె.
ఊరు పేరు నేనూ అడగలే."
ఆమె ఆడిదాంక నడిచింది, ఆ బూట్లతోనే.
పేరడిగి, కాగితం వెనుక రాసుకున్నది.
ఈరప్ప.
మా తాత పేరు ఎవరన్న రాయంగ చూసుడు
అదే నాకు మొదలు.
కాగితం ఆమెతోని పోయింది.

ఇప్పుడు ఆడ రెండో పట్టా పడ్డది.
తంగేడు లేదు, మన్ను కంకర కింద ఉన్నది.
వాజిద్ ఫోన్ చేస్తే ఇంకా అంటడు,
లడ్లోల మా మేనత్త కులాసానే అని.
నాకు నవ్వొస్తది గానీ,
రాత్రిబండి మేడ్చల్ దాటుతుంటే
అందరు పండుకున్నంక కిటికీ కాడికి జరుగుత.
ఏదో చిన్న స్టేషన్ వస్తది,
పసుపుపచ్చ బోర్డు, మసక బల్బు.
రెండు అక్షరాలు తక్కువ ఉన్నయా అని
చూస్త.