పక్కకు పోయే దెబ్బ

రెండు వందల ఎనభై డాలర్లు.
గొట్టం కొసకు మర కోయించడానికి ఇంకో నూట అరవై.
గార్లాండ్ హైన్స్ తన కొట్టు బల్లమీద
ఆ మజిల్ బ్రేక్‌ను నిలబెట్టాడు.
బొటనవేలంత ఉక్కు ముక్క,
రెండు పక్కలా చేప మొప్పల్లాంటి చీలికలు.
"మందుపొగ పక్కలకు చీలిపోతుంది, ఎఫీ.
నీ భుజానికి సగం తన్నే మిగులుతుంది."
సగం అనే మాట
అమ్మేవాడి నోట ఎప్పుడూ తేలిగ్గానే వస్తుంది.

నా కుడి భుజంలో ఇప్పటికే రెండు మరలున్నాయి.
ఇరవై ఆరేళ్ళు ఫ్యాక్టరీలో
గడ్డకట్టిన కాడ్ చేపల పెట్టెలు మోసిన భుజం.
ఆ మరలు బిగించినందుకు మాత్రం
సర్కారు ఆసుపత్రి పైసా అడగలేదు.

పోయిన అక్టోబరులో
నాన్న మాగ్నమ్ రైఫిల్ పేలకముందే నేను కళ్ళు మూసుకున్నాను.
తన్ను తగలకముందే తగిలినట్టు భుజం ముడుచుకుంది.
తూటా మూస్ గుండెలో దిగాల్సింది, పొట్టలో దిగింది.
చీకటి పడేదాకా బురదనేలలో
దాని వెనకే నడిచాం, నేనూ మా మరిది లియాండరూ.
ఎర్రబడ్డ బెర్రీ ఆకులమీద ఏది ఆకో ఏది నెత్తురో
చేత్తో తడిమి చూసుకుంటూ.
ఆ నడకకు ఖరీదు కట్టమంటే
నాలుగు వందల నలభై చాలా తక్కువ.

అందుకే ఆదివారం గాండర్ బే దగ్గరి కంకర గోతికి వెళ్ళాం.
గార్లాండ్ తన సొంత రైఫిల్ తెచ్చాడు, నాదాని కవలపిల్ల.
బ్రేక్ విప్పి అయిదు గుళ్ళు:
మూడోదానికే కళ్ళలో నీళ్ళు.
అయిదోది అట్టపెట్టెకే తగల్లేదు.
బ్రేక్ బిగించి అయిదు:
రైఫిల్ చెయ్యి పట్టుకు నడిచే పిల్లలా ఒదిగింది.
అట్టమీద చిల్లు పడటం దుర్భిణిలో నా కంటితో నేను చూశాను.
అరవై రెండేళ్ళ వయసులో మొదటిసారి.
నవ్వొచ్చింది. పర్సు తీయబోయాను కూడా.

అప్పుడు పక్కకు చూశాను.

లియాండర్ టీ కప్పు బోర్లా పడుంది.
వాడి బూట్ల చుట్టూ దుమ్ము ఇంకా దిగలేదు.
చెవికప్పుల్లో ఒకటి మెడమీదికి జార్చుకున్నాడు,
అడవిలో ఎలా ఉంటాడో అలాగే.
వద్దని గార్లాండ్ అరిచాడట, నేను వినలేదు.
"అడవిలో రెండు చెవులూ మూసుకుని
మూస్‌ను ఎవడు పిలుస్తాడు?" అన్నాడట వీడు.

నిజమే. మా వేటంతా వాడి చెవే.
ఆల్డర్ పొదకు కొమ్ము రాసుకునే చప్పుడు
నాకంటే రెండు నిమిషాలు ముందు వింటాడు.
బెర్చి బెరడు బూరాలో ఆడ మూస్‌లా మూలిగి
ఊపిరి బిగబట్టి, వేలెత్తి చూపిస్తాడు: అటు.
నేను అటు తిప్పడమే.

"ఎలా ఉంది?" అని అడిగాను.
చెట్లకేసి చూస్తున్నాడు.
మళ్ళీ అడిగాను.
వినపడనప్పుడు పెద్దవాళ్ళు నవ్వే నవ్వొకటుంటుంది,
మా అత్త చివరి రోజుల్లో నవ్వేది,
అది నవ్వాడు. చెవులు దిబ్బళ్ళు వేశాయని చేత్తో చూపించాడు.

తన్ను ఎటూ పోలేదు.
నా భుజంమీంచి లేచి పక్కవాడి చెవిలో కూర్చుంది.
డబ్బిచ్చి నేను కొనబోయింది ఆ బదిలీనే.

గార్లాండ్ మంచివాడు, ఏమీ అనలేదు.
బ్రేక్ విప్పి, మసి తుడిచి, డబ్బాలో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో లియాండర్ రేడియో గుండీ తిప్పాడు.
కాసేపటికి మళ్ళీ తిప్పాడు.
నాకు చాలినదానికంటే నాలుగు గీతలు ఎక్కువ.
నేను తగ్గించలేదు.

వంతెన దాటాక గట్టిగా అరిచి చెప్పాను:
"నాన్న రైఫిల్ అమ్మేస్తాను.
నీ కూతురు వాడే చిన్నదాని లాంటిది ఒకటి చూడు."
"ఏంటీ?" అన్నాడు.
ఇంటికెళ్ళాక చెబుతానన్నట్టు చెయ్యూపాను,
నొప్పిలేని చెయ్యి.