పెన్సిల్ గీత

తొంకా పిన్ని సముద్రపటం మీద
ఎప్పుడూ ఇంకుతో గీయదు.
పెన్సిలే. అదీ మెత్తటిది,
చెవి వెనక దోపుకున్న ముక్క.
హ్వార్ నుంచి లాస్తోవో దాకా
ఆ కాగితం ఎన్నిసార్లు చెరిపించుకుందో,
మధ్యలో సముద్రం పల్చబడి
కింద బల్లచెక్క కనిపిస్తుంది.

మే నెల. పడవలో ఏడు తేనెపెట్టెలు.
చలికాలంలో ఫ్రానే ఈగలన్నీ చచ్చిపోయాయి.
బయానా పంపించాడు,
ఎన్నింటికొస్తారని మూడుసార్లు ఫోన్ చేశాడు.
"వచ్చినప్పుడు" అంది పిన్ని.
నాకు సిగ్గేసింది.
స్ప్లిట్‌లో నేను చదివిన కాలేజీలో
అలాంటి జవాబుకి సున్నా మార్కులు.

తెల్లవారకముందే బయల్దేరాం.
మూతల మీద తడి గోనెలు, గుమ్మాలకి సన్న జాలీ.
లోపల ఏదో ఊరు నిద్రలేస్తున్న చప్పుడు.

రెండు గంటలు మంచి గాలి.
తర్వాత ఏమీ లేదు. తెరచాప
ఆరేసి మరిచిపోయిన దుప్పటి.
దక్షిణాన ఆకాశం అంచు
మాడిన అల్యూమినియం గిన్నె రంగు,
మెడ మీద చెమ్మ.
"యుగో" అంది పిన్ని,
అప్పడిగే చుట్టం పేరు పలికినట్టు.

"ఇంకా పద్దెనిమిది మైళ్లే కదా,
అటోసారి ఇటోసారి వాలుతూ పోదాం" అన్నాను.
నా దగ్గర లెక్క ఉంది, కోణాలతో సహా.
ఆమె లెక్కంతా విన్నది, మర్యాదగా.
"సరిగ్గానే ఉంది. పెట్టెల్ని కూడా అడుగు."
ఎదురలకి పడవ ఒక్కసారి ఎగిరి పడింది.
ఏడు పెట్టెలూ ఒకే గొంతుతో అరిచాయి.
చుక్కాని నేనే తిప్పాను.

ష్చేద్రో దీవికి ఉత్తరపు వంపు.
అక్కడ గాలి కొండ మీదుగా, మన నెత్తి మీదుగా పోతుంది.
నీళ్లు తమకేం తెలియనట్టు పడుకుంటాయి.
పటం మీద ఇంకో గీత చెరిగింది.
రబ్బరు పొట్టు నా ఒళ్లో రాలింది.

మర్నాడు ఎండ. మూసి ఉంచితే ఉడికిపోతాయని
పెట్టెలు ఒడ్డుకి మోశాం, జాలీలు తీశాం.
కొండంతా సేజ్ పూలు, ఊదాగా.
ఒక్కొక్క ఈగా గడప దాటి
వెనక్కి తిరిగి ఇల్లు చూసుకుని,
చిన్న చుట్టు, పెద్ద చుట్టు,
ఇక లేదు.

సరిగ్గా అప్పుడొచ్చింది మయెస్త్రాల్,
వాయవ్యం నుంచి, మేం వెళ్లాల్సిన వైపుకే,
మొక్కుకున్నా దొరకని గాలి.
నేను లంగరు తాడు పట్టుకుని నిలబడ్డాను.
పిన్ని టమాటాలు కోస్తోంది.
"వాళ్లు పనిలో ఉన్నారు" అంది.

మా వైపు ఎవర్నైనా తీసిపారేయాలంటే
గాలివాటం మనిషి అంటారు.
అది ఒడ్డు మీద పుట్టిన తిట్టు.
చేజారిపోతున్న గాలిని చూస్తూ
నాకు రాని విద్య అదేనని ఒప్పుకున్నాను,
మనసులో. అదీ సగమే.

పొద్దుగూకింది. గాలి పడిపోయింది.
పసుపు రాసుకున్న కాళ్లతో ఈగలు తిరిగొచ్చాయి.
జాలీలు బిగించి పెట్టెలు పడవెక్కించాం.
ఆలస్యమైనవి కొన్ని
పెట్టెలుండిన చోట గాల్లో తిరుగుతున్నాయి.
వాటి గురించి ఇద్దరం మాట్లాడలేదు.

ఫోన్ మోగింది. ఈసారి నేనెత్తాను.
ఆకాశం వైపు చూశాను, నీటి వైపు,
పిన్ని చెవి వెనక పెన్సిల్ వైపు.
రాత్రికి నేలగాలి లేవచ్చు. లేవకపోవచ్చు.
"రేవులో దీపం వెలిగించి ఉంచండి" అన్నాను.
ఫ్రానే కాసేపు ఆగి,
"ఏ రాత్రి?" అన్నాడు.