ఎనిమిది వేల చుట్లు

జ్ఞానాపురం కరెంటు తీగలన్నీ
నా గిటార్ కడుపులోంచే వెళతాయి కాబోలు,
ఆంప్ వెయ్యగానే కందిరీగల తుట్టె.
ఫాదర్ ప్రసంగం మధ్యలో కూడా.

కురుపాం మార్కెట్ రేడియోల పైడిరాజు
పాత పికప్‌ని వెల్లకిలా పడేసి
"ఉప్పుగాలి తినేసింది బావూ,
జుత్తుకన్నా సన్నం రాగి, ఏటి మిగుల్తాది?" అన్నాడు.

కొత్తవి రెండు పట్టుకెళ్ళాను.
క్లిప్పులు తగిలించి, తీగల కింద ఒక్కోటీ పెట్టి విన్నాం.
ఒంటిచుట్టుది నిమ్మచెక్క గొంతు.
రొద మాత్రం పోలేదు.
జంటచుట్టుది వేరే కాపురం:
ఒకటి ఇటు తిరిగి, ఒకటి అటు తిరిగి
తోడికోడళ్ళలా
ఒకదాని సణుగుడు ఒకటి మింగేస్తాయి.
ఎంత నిశ్శబ్దమంటే
పదేళ్ళుగా నా చిటికెనవేలు చేస్తున్న తప్పు
మొదటిసారి వినబడింది.

టంకం పొగలోంచి "ఏది ఎయ్యమంటావు?"

బ్రిడ్జి దగ్గర జంటది.
మెడ దగ్గర పాతదే, తీగ మళ్ళీ చుట్టు.
"కొత్తదానికన్నా ఎక్కువైపోద్ది."
అవనీ.

ఫ్యాను మోటార్లు చుట్టే మిషన్‌కి బిగించాడు.
మీటరు పాడట, నోటితోనే లెక్క.
మూడువేల నాలుగొందల పన్నెండు... పదమూడు...
వాళ్ళావిడ ఫోను.
పెట్టేసి, నా మొహం చూసి అడిగాడు,
"ఎక్కడున్నాం బావూ?"