మెడవిరుపు

దాళ్వా వెన్ను తీసే రోజుల్లో
మంచు విడవకముందే చేలో దిగాలి.
ఎండెక్కితే మచ్చ కనిపిస్తుంది గానీ
మచ్చ మీది బూడిదరంగు నూగు కనిపించదు.

చేతిలో బ్లేడు, భుజాన కాగితపు కవర్ల సంచి.
మోపెడ్‌ని గట్టు మీద వదిలి
అత్తిలి కాలువ కింద మూడో బోదె దాటితే
ఇవాళ్టికి తొమ్మిదో చేను.

మెడ దగ్గర నల్లబడి, విరిగి
తల వేలాడేసిన కంకులు.
నొక్కితే పాలు లేవు. తాలు,
గాలికి గలగలమనేంత బరువైనా లేని తాలు.

గుబ్బల మంగతాయారు గట్టు మీద నిలబడి చూస్తోంది.
రెండెకరాల ముప్పై సెంట్లు, కౌలు.
ఎకరానికి పద్దెనిమిది బస్తాలు కొలవాలి
పండినా, మానినా.

"ఏటమ్మా, మందు కొట్టడానికొచ్చావా?"
"కాదండి. తెగులు పట్టుకెళ్లడానికి."
"అంతా పట్టుకెళిపో. అడ్డెవరు?"

కవరు మీద గళ్లున్నాయి:
ఊరు, వంగడం, తేదీ, రైతు పేరు.
పెన్ను ఆఖరి గడి దగ్గరకొచ్చేసరికి
"నాది రాయకు," అంది.
"కాయితం మీద నా పేరు కనపడిందా,
వచ్చే ఏడు ఆయన చేనివ్వడు."
ఆయన పేరు చెప్పింది. రాశాను.
ఆయన ఉండేది తణుకులో.
ఈ గట్టు తొక్కి ఆరేళ్లయిందట.

లేబులో
తడి కాగితం మీద ఒక రాత్రి ఉంచితే
కోసిన మెడ పూత పూస్తుంది.
సూదిమొనతో ఒక్క బీజాన్ని విడదీయాలి,
ఒకే ఒక్కదాన్ని.
సూక్ష్మదర్శినిలో అది
మూడు గదుల బేరికాయ.
అంత చిన్న ఇంట్లో అంత ఆకలి.
ఆకు మీద వాలి, బంక పోసి అంటుకుని,
ఊపిరి బిగబట్టి
మంచుబొట్టు ఆరేలోగా గుచ్చుతుంది,
లారీ టైరు కూడా ఓర్వలేనంత ఒత్తిడితో.

నూట నలభై కవర్లు.
పళ్లేల్లో పెంచి, నూరి, వడగట్టి
జెల్లు పలకలో పరుగెత్తించాం.
ఊదా వెలుగు కింద చారలు తేలాయి.
మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుని లెక్కపెట్టి
మళ్లీ నన్ను లెక్కపెట్టమంది.

మంగతాయారు చేలో
చేయి చాపితే అందేంత దూరంలో కోసిన రెండు మెడలు.
వాటిలో రెండు వేరు వేరు వంశాలు.
ఒకదాని చారలు
గోదారి అవతల ఆలమూరు కవరుతో
అచ్చు గుద్దినట్టు కలిశాయి.
విత్తనం బస్తాలో వచ్చిందా,
గాలికి వంతెనలక్కర్లేదా,
ఎవరికీ తెలీదు.

వరి చారలు కూడా ఓసారి తీశాం, ఊరికే.
పక్కపక్కన పెట్టి చూస్తే
అదే గీత. అదే గీత. అదే గీత.
అత్తిలి నుంచి ఆకివీడు దాకా
ఒకే తల్లి, ఒకే ఎత్తు, ఒకే వారంలో వెన్ను.
వీధి వీధంతా
ఒకే కంపెనీ తాళం వేసుకుని పడుకుంది.
దాని దగ్గర చెవుల గుత్తి ఉంది.

కోతలయ్యాక వెళ్లి చెప్పాను.
రోజుకూలి ఉద్యోగంలో ఆ పని లేదు, అయినా.
కల్లంలో బరకం మీద నిలబడి
ఆమె తూర్పారబడుతోంది.
"అయితే దానికి ఇంటిపేర్లున్నాయన్నమాట, ఎస్తేరమ్మా."
"ఉన్నాయండి. మీ చేలోనే రెండు."
"ఏటవతల చుట్టాలు కూడాను."
"ఆయ్."

చేట ఆపింది.
"మాయమ్మ నాడు ఈ చేలోనే
మూడు రకాలు వేసేవోరు. ఒకటి పోతే ఒకటి.
తర్వాత మిల్లాయన కలగలుపు కొననన్నాడు."
మళ్లీ చేట ఎత్తింది.
తాలు నా చెప్పుల దాకా ఎగిరొచ్చింది.

ఫ్రీజరులో గొట్టాలన్నిటికీ నంబర్లు.
అత్తిలి-పద్నాలుగు-అ. అత్తిలి-పద్నాలుగు-ఆ.
కరెంటు పోకుంటే ఇరవై ఏళ్లుంటాయట.
రిజిస్టరులో రైతు గడి నిండా
తణుకు ఆయన పేరు, గుండ్రటి అక్షరాల్లో, నా దస్తూరీయే.

నిన్న ఎవరూ లేనప్పుడు
చలికి వేళ్లు కొయ్యబారుతుంటే
గొట్టాల అడుగున
చెరగని సిరాతో రెండక్షరాలు రాశాను.
మం. తా.

ఎప్పుడో ఎవరో చూసి
తెగులు పేరనుకుంటారు.
అనుకోనీ.