చిల్లుల లెక్క

పాలవాడి పద్దు ముందు పేజీల్లో,
నీ పద్దు వెనక పేజీల్లో.
నలభై పేజీల నోటు పుస్తకం, ఇద్దరికీ ఒక్కటే.

చెల్లెలు మార్తమ్మకి మూర్ఛలు తగ్గాలి. తగ్గాయి. టిక్కు.
మరిది ఏలియా సారా మానాలి.
మానాడు, నీకు రెండేళ్లు పట్టింది. టిక్కు.
వానొస్తే మంచం జరపక్కర్లేని ఇల్లు కావాలి.
శ్లాబు పడింది. ఎర్ర సిరాతో రెండు టిక్కులు.

ప్రతి ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను,
కొంగు నెత్తిన సర్దుకుని, గొంతు కొంచెం వణికించి.
ఎక్కడ వణకాలో నాకు బాగా తెలుసు.
పాస్టరమ్మ కళ్లు తుడుచుకునేది.
ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే
మళ్లీ అదే ఆకలి, అన్నంతో తీరనిది.

నీతో చెప్పలేదు.
ఇన్ని ఇచ్చినవాడితో
ఇంకా బోలుగానే ఉందని చెప్పడం
మర్యాద కాదనుకున్నాను.

ఆ నవంబరులో తుఫాను
నరసాపురం మీదికే వస్తానని బెదిరించి
ఒరిస్సా వైపు పోయింది.
కరెంటు మాత్రం ఇక్కడే పోయింది.
అరుగు మీద కూర్చున్నాను.
తెల్లారేసరికి ఏజెంటు బుల్లబ్బాయికి
డజను లేసు గుండ్రాలు ఇవ్వాలి,
ఏ దేశంలోనో కప్పుల కింద పరుచుకునేవి.
దీపం పెట్టలేదు. లేసు సూదికి కళ్లెందుకు,
మా అమ్మ దానమ్మ నాకు చీకట్లోనే నేర్పింది,
కిరసనాయిలు దండగని.

"లేసంటే దారం కాదే పిల్లా, చిల్లులు.
చిల్లుని పట్టుకోవడం వస్తే
దారం దానంతటదే పువ్వవుద్ది.
పూడ్చేశావా, గుడ్డవుద్ది.
గుడ్డ ఎవరైనా నేస్తారు."

అలవాటుగా నిన్నేదో అడగబోయాను.
ఏమడగాలో తోచలేదు.
పుస్తకంలో ఒక్క గీత మిగల్లేదు.
రేషను కార్డు ఇంట్లో మరిచిపోయి
వరసలో నిలబడినదానిలా
ఊరికే ఉండిపోయాను నీ ముందు.

రేవులో పంటు కట్టేసి ఉంది.
వశిష్ఠ ఊగినప్పుడల్లా
గొలుసు చప్పుడు ఒకసారి, మళ్లీ ఒకసారి.

నువ్వొచ్చావని చెప్పను.
రావడానికి, నువ్వెళ్లిందెక్కడికి?
పక్కన మనిషి కూర్చుంటే
అరుగు ఎంత వెచ్చబడుతుందో అంతే.
ఆ రాత్రి నువ్వేమీ తేలేదు.
ఉత్త చేతులు.
ఉత్తవని కూడా అనలేను,
అరచేతుల్లో చిల్లులున్నవాడివి.
చచ్చి లేచాక కూడా వాటిని పూడ్చుకోలేదే నువ్వు!
ఎందుకో, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.
నలభై పేజీల్లో ఆ ఒక్క ప్రశ్నా లేదు.

నా లోపలి బోలు ఎక్కడికీ పోలేదు.
దాని అంచు పట్టుకుని
ఎవరో నిదానంగా ముడి మీద ముడి వేస్తున్నారు.
ఆకలి ఉంది,
కడుపు నిండినవాళ్ల ఆకలి లాంటిది.

ఎనిమిదో గుండ్రం దగ్గర
పేరు పెట్టి పిలిచినట్టయింది.
మార్తమ్మ లోపల నిద్రపోతోంది,
వీధిలో కుక్క కూడా లేదు.
అలాంటప్పుడు ఆమెన్ అనాలి.
నా నోటికి మా ఊరి మాటే వచ్చింది:

"ఆయ్."

పొద్దున్నే బుల్లబ్బాయి
రెండు గుండ్రాలు పక్కన పడేశాడు,
చిల్లొకటి ఎక్కువుందని.
డబ్బులు కోసుకున్నాడు.
కోసుకోనీ.