టోపీ ఎక్కడుంది

మొదటిరోజు నాకు తాళం ఇవ్వలేదు ఎసెన్‌కుల్.
"ఎక్కి కూర్చో" అన్నాడంతే.
నాలుగు మెట్లు.
టిప్పర్ల దగ్గర టీ తాగుతున్నవాళ్లు
ఆడది లోడర్ ఎక్కడం చూడ్డానికి గిన్నెలు దించారు.

సీటు ఇంకా అతని ఒంటి ఆకారంలోనే ఉంది,
కుడివైపు కాస్త పల్లంగా.
తలమీది తెల్ల ఉన్ని కల్పాక్ తీసి
దిష్టి తీస్తున్నట్టు బండి చుట్టూ తిరిగాడు.
ఎక్కడో వంగాడు, ఉత్త తలతో లేచాడు.
"టోపీ ఎక్కడుంది?"

ఎడమ అద్దంలో కంకర.
కుడి అద్దంలో నారిన్ నది, మంచునీళ్ల బూడిదరంగు.
వెనక కెమెరాలో సగం ఆకాశం.
"కనబడట్లేదు."
"దిగి చూడు."
ముందు చక్రానికి జానెడు దూరంలో,
నా ఎత్తు టైరు నీడలో,
పొదిగే కోడిలా కూర్చుని ఉంది.

అలా తొమ్మిదిసార్లు.
దిగిన ప్రతిసారీ సున్నంతో గీత గీయించాడు.
సాయంత్రానికి బండి చుట్టూ తెల్లగా ఒక పటం,
నా చూపు చెల్లని దేశం.
బకెట్ పైకెత్తి చూపించాడు.
ఆ దేశం రెండింతలైంది.

తర్వాతే తాళం.
కుప్పలోకి ఎలా దిగాలో చెప్పలేదు, వినమన్నాడు.
బకెట్ అంచు నేలను రాసుకుంటూ పోయి
కంకరలో గుచ్చుకునేటప్పుడు ఇంజనుది ఒక గొంతు,
చక్రాలు జారబోయేముందు ఇంకో గొంతు.
ఆ రెంటి సందులో లివరు లాగాలి,
ముద్ద కలిపి వేళ్లు మడిచినట్టు.
"మూడు టన్నుల రెండొందలని తెరమీద పడేలోపే
నీ వెన్నుకి తెలియాలి."

నడుం దగ్గర విరిగే బండి ఇది.
ముందుకాలు వేసినచోటే వెనకకాలు.
కొండవాలులో మా అత్త గుర్రమూ అంతే.
కుప్పనుంచి టిప్పరుకి, టిప్పరునుంచి కుప్పకి
రోజుకి మూడొందలసార్లు
నేలమీద ఒకే అక్షరం దిద్దుతాను.
టిప్పరు నిండాక జుమాలీ హారన్ కొట్టడు,
కిటికీలోంచి ఒక కురుత్ ఉండ విసురుతాడు,
ఉప్పగా, రాయంత గట్టిగా.
ఒకసారి గురి తప్పి బకెట్లో పడింది,
కంకరతోపాటు రోడ్డుకింద కలిసిపోయింది.
ఏ కిలోమీటరు దగ్గరో, ఎండిన పెరుగు
లారీలను మోస్తూ ఉంటుంది.

సెప్టెంబరులో పైమేతలనుంచి గొర్రెలు దిగాయి.
రెండు గంటలు పని ఆగింది.
మీర్లాన్ రోలరుమీదే గురకపెట్టాడు.
చివరి తోక దాటింది. నా చెయ్యి లివరుమీదకి పోయింది.
అద్దాల ప్రకారం దారి ఖాళీ.
ఎందుకు ఆగానో సరిగ్గా చెప్పలేను.
వెనకబడ్డ గొర్రె ఒకటి
మెడ తిప్పి నా చక్రంవైపు చూసింది,
ఆ తొలిరోజు సున్నంగీత ఉన్నవైపు.

ఇంజన్ ఆపి దిగాను.
ఏడేళ్ల కాపరి పిల్లాడు,
బకెట్ పళ్లమీద వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు.
"ఎనిమిది" అన్నాడు తలెత్తకుండా.
"ఒకటి విరిగింది. ఏడున్నర."

ఎసెన్‌కుల్ దూరంనుంచే చూశాడు. దగ్గరికి రాలేదు.
కల్పాక్ తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు.
దాని అంచుమీద టైరు అచ్చు ఉంటుంది.
ఎంత ఉతికినా పోలేదేమో అనుకునేదాన్ని.
అసలు ఉతకనే లేదని ఆ రాత్రి జుమాలీ చెప్పాడు.
ఆ టోపీ మొదట ఎసెన్‌కుల్‌ది కాదట.
ఇరవైయేళ్ల కిందటిదంటూ ఏదో కనుమ పేరెత్తి,
మధ్యలో ఆపి, నా గిన్నెలో టీ పోశాడు.
అది నిండుగానే ఉంది. పొర్లింది.
ఇద్దరం తుడవలేదు.

నిన్న ఈ వంపు వరకూ తారు పడింది.
నిగనిగలాడుతోంది, ఇంకా ఎవరూ తొక్కనిది.
ఎసెన్‌కుల్ పింఛనుకి వెళ్లి రెండు చలికాలాలు.
పొద్దున బత్‌కెన్‌నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
చెవిలో పాట, చేతిలో లైసెన్సు,
రాగానే తాళం అడిగాడు.

"ఎక్కి కూర్చో" అన్నాను.
నాకు టోపీ లేదు. తలగుడ్డ విప్పాను.
గాలి ఎక్కువగా ఉంది,
దానిమీద ఒక రాయి పెట్టాల్సొచ్చింది.