బాకీల పుస్తకం

వాన మూడు రోజులుగా తెరిపివ్వలేదు.
నాలుగంతస్తుల పునాది మీద ఏడంతస్తులు.
కౌన్సిల్ వాళ్ళు గోడకేసిన ఎర్ర గుర్తు మీద
ఎవరో సున్నం కొట్టారు,
పండగకి కొట్టినంత శ్రద్ధగా.

నైరోబీలో మా సందుకి తెల్లవారేది నా పొయ్యితోనే.
మందాజీలు నూనెలో పొంగుతున్నాయి.
చప్పుడైంది. ఉరుమనుకున్నాను.
ఉరుమైతే పైనే తిరుగుతుంది,
ఇది కాళ్ళ కిందికి దిగింది.
ఆ తర్వాత దుమ్ము.
అంత వానలోనూ దుమ్ము!

ముందొచ్చినవి చేతులే.
గ్యారేజీ కుర్రాళ్ళు జాకీలు తెచ్చారు,
మసీదు పిల్లలు బేసిన్లు తెచ్చారు,
మటాటు కండక్టర్లు వరసకట్టి రాళ్ళందించారు.
మకోఖా మేస్త్రీ ఎవరితోనూ మాట్లాడకుండా తవ్వాడు.
ఆ స్తంభాలు పోసింది అతనే.
మూడు బస్తాలు పట్టే చోట ఒకటిచ్చారని
అప్పుడే నాతో అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.
నేనూ విన్నాను.
విని, చిల్లర లెక్కపెట్టుకున్నాను.

ఒకడు శిథిలాల్లోంచి గ్యాస్ సిలిండర్ భుజానేసుకుని
జనంలోంచే నడిచి వెళ్ళిపోయాడు.
అదీ చూశాం.

ఆఫీసర్ అడిగాడు: లోపల ఎంతమంది?
యజమాని ఫోన్ మూగబోయింది.
వాచ్‌మన్ గదికి తాళం.
ఒకరు నలభై అన్నారు, ఒకరు నూరన్నారు.
అప్పుడు నేను నా బాకీల పుస్తకం పట్టుకెళ్ళాను,
నూనె మరకలతో, దారం ఊడిన అట్టతో.

అందులో సగం పేర్లు పేర్లు కావు.
‘మూడో అంతస్తు, దగ్గు తాత: రెండు చాయ్‌లు.’
‘నెకేసా, కవలల తల్లి: పాలు ఎక్కువ, పదిహేను.’
‘ఏడు, నీళ్ళు మోసే ఎన్‌డుంగే: ఆరు మందాజీలు.’
‘మెట్ల కింద దర్జీ: తర్వాతిస్తానన్నాడు.’

మైకులో చదివించారు.
మా సందు అప్పులన్నీ ఆకాశానికి తెలిశాయి.
మూడు నెలలుగా నన్ను తప్పించుకు తిరిగే ఒన్సోంగో
బురదలో పరుగెత్తుకొచ్చాడు:
‘మామా కెరుబో, బతికే ఉన్నాను! నలభై షిల్లింగులు!’
ఎవరో నవ్వారు.
నవ్వి, నోరు మూసుకున్నారు.
తర్వాతి పేరుకి ఎవరూ పలకలేదు.
దాని తర్వాతి పేరుకి కూడా.

ఈల వేశారు. నిశ్శబ్దం కావాలన్నారు.
మా సందు పుట్టాక అలాంటిదెరగదు.
మటాటులు పాటలాపాయి, ఇంజన్లాపాయి,
చర్చి జనరేటర్ ఆపేశారు,
ఒకామె తన కోడిపుంజుని ఒళ్ళో పెట్టుకుని ముక్కు పట్టుకుంది.
వేలమంది, ఒక్క ఊపిరి.
అడుగునుంచి,
పైపు మీద ఎవరో తడుతున్న చప్పుడు.
ఆగి, మళ్ళీ.

పంతొమ్మిది గంటలు పట్టింది.
ఎన్‌డుంగేని దుప్పట్లో పైకి తెచ్చారు,
జుట్టంతా సిమెంటు, పదహారేళ్ళ ముసలమ్మ.
కళ్ళు విప్పి అడిగింది:
‘నీళ్ళ ట్యాంకరు వెళ్ళిపోయిందా?’
కౌన్సిల్ ఆఫీసర్ తల పక్కకి తిప్పుకున్నాడు.
కవలల్లో ఒకడు దొరికాడు.
రెండోవాణ్ణి వెతుకుతుంటే నెకేసా అక్కడే నిలబడింది,
రెండు జతల బూట్లు పట్టుకుని.
ఆమె తెల్లారే షిఫ్టుకి వెళ్ళింది, అంతే, వెళ్ళింది.

వారం తర్వాత పుస్తకం సాక్ష్యమని పోలీసులు తీసుకెళ్ళారు.
బాకీ తీరితే గీత కొట్టేదాన్ని.
ఇలా తీరిపోతే ఏం కొట్టాలో
నాకెవరూ నేర్పలేదు.

ఇన్నాళ్ళూ ఆ మేడ అడ్డుండి
పదకొండుకి గాని నా బండి మీద ఎండ పడేది కాదు.
ఇప్పుడు ఎనిమిదింటికే వచ్చి కూర్చుంటుంది.
దాన్నెవరడిగారు?

కొత్త పుస్తకం కొన్నాను.
ఎవరొచ్చినా ముందు అడుగుతున్నాను:
నీ పూర్తి పేరేంటి? ఏ ఇల్లు, ఎన్నో గది?
రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు?
నీ ఊరేది, అక్కడ ఎవరికి కబురు పెట్టాలి?
రెండు మందాజీలకి ఇంత రాతా అని విసుక్కుంటారు.
రాయనివ్వండి అంటాను.
అన్నీ రాశాక, చిట్టచివర,
చక్కెరెంత వెయ్యమంటావని అడుగుతాను.